రెక్క ఊపిన విమానం

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి స్కార్‌నెస్ రేవు దాటగానే కింద 'తేర్నా' కనబడింది. తెల్ల పడవ, ఎర్ర కేబిన్, వెనకవైపు ఒకదాని మీద ఒకటి పేర్చిన పీతల బోనులు. కెప్టెన్ తోర్‌లైఫ్ అలవాటు ప్రకారం ఎడమ రెక్కని ఒకసారి వంచి లేపాడు. పడవ మీది మనిషి పని ఆపి, నెత్తిన ఉన్న నీలం టోపీ తీసి గిరగిరా తిప్పాడు.

"టోపీ బాబాయి హాజర్. ఇంక మన డ్యూటీ మొదలైనట్టే," అన్నాడు రాడార్ దగ్గర కూర్చున్న యోస్టైన్.

ఇంగ్విల్ కెమెరా పిడి తిప్పి ఆ మొహాన్ని తెర మీదికి దగ్గరగా లాక్కుంది. అరవై దాటిన మొహం. తాడు కొస ఒకటి పళ్ళ మధ్య కరుచుకుని, దాన్ని వదలకుండానే నవ్వుతున్నాడు. ఇరవై మైళ్ళ అవతల ఓడ మీద రంగు ఊడిన చోటు కూడా చూపించే కెమెరా అది. అవతలి దేశం యుద్ధనౌకల మీద కన్నేసి ఉంచడానికి సర్కారు దాన్ని కొన్నది గానీ, మత్స్యకారుల నవ్వులు చూడటానికి కాదు. అయినా ఎనిమిదేళ్ళుగా ఆ తెర ముందు కూర్చుంటున్న ఇంగ్విల్‌కి రోజు మొత్తంలో నచ్చేది ఆ ఒక్క నిమిషమే. ఆమె కూడా అలాంటి రేవులోనే పుట్టింది. చిన్నప్పుడు తండ్రి బోనుల తాళ్ళు అలాగే పళ్ళతో బిగించేవాడు.

ఆ తర్వాతి పని మామూలే. సరిహద్దు గీత వెంట ఉత్తరానికి పోవడం, తిరగడం, దక్షిణానికి రావడం. సముద్రం మీద ఎవరూ ఏ గీతా గీయలేదు గానీ, తెర మీద మాత్రం అది పసుప్పచ్చగా, బడిపిల్ల స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంటుంది. దానికి ఇవతల ఎంతసేపు తిరిగినా ఎవరూ ఏమీ అనరు. అవతలికి ముక్కు పెడితే మాత్రం రెండు రాజధానుల్లో ఫోన్లు మోగుతాయి. పదిన్నరకి అవతలి వాళ్ళ ఫైటరు పైకి లేచి వచ్చి, గీతకి అటువైపున వీళ్ళతో సమంగా ఎగరసాగింది. అదీ మామూలే. దాని పైలట్ చెయ్యెత్తాడు. వీళ్ళూ చెయ్యెత్తారు. గురువారం కాబట్టి యోస్టైన్ ఇంటి నుంచి వాఫిల్స్ తెచ్చాడు. మూత తీస్తే ఏలకుల వాసన విమానమంతా కమ్ముకుంది.

పదకొండూ నలభైకి, సముద్రంలో ఆపదల్ని చూసే రక్షణ కేంద్రం నుంచి కబురొచ్చింది. స్కార్‌నెస్‌కి చెందిన ఓడ్‌వార్ అనే పీతల మత్స్యకారుడు, ఒక్కడే పడవలో ఉన్నాడు. ఇంజను ఆగిపోయిందనీ, కొట్టుకుపోతున్నాననీ పదకొండింటికి రేడియోలో చెప్పి, తానున్న చోటు అంకెలు చదివాడు. హెలికాప్టర్ అక్కడికెళ్ళి అరగంటగా తిరుగుతోంది. అక్కడ పడవా లేదు, మనిషీ లేడు. పడవ పేరు 'తేర్నా'.

యోస్టైన్ చేతిలో వాఫిల్ అలాగే ఉండిపోయింది.

"టోపీ బాబాయి," అన్నాడు మెల్లిగా.

"అంకెలు తప్పయ్యుంటాయి," అంది ఇంగ్విల్. "ఈ వారమంతా ఎవరి పటం సరిగ్గా చూపించింది గనక? నిన్న మా మేనమామ పడవ చర్చి పైకప్పు మీద ఉన్నట్టు చూపించిందట."

అది కొత్త సంగతేమీ కాదు. రెండేళ్ళుగా ఆ తీరంలో ఉపగ్రహాల సిగ్నళ్ళు ఉన్నట్టుండి చెడిపోతున్నాయి. ఎవరు చెడగొడుతున్నారో కాఫీ దుకాణంలో అందరూ చెబుతారు, కాగితం మీద మాత్రం ఎవరూ రాయరు. ముసలివాళ్ళు పటాన్ని నమ్మడం మానేసి మళ్ళీ కొండల్ని చూసి దారి పట్టుకుంటున్నారు. కానీ ఆపద వేళ రేడియోలో ఎవరైనా ఏం చదువుతారు? తెర మీద కనబడ్డ అంకెలే చదువుతారు.

"ప్రవాహం ఎటుంది?" అడిగాడు తోర్‌లైఫ్.

"తూర్పుకి. ఆటు మొదలై గంటన్నర అయింది. రేవు దగ్గర పొద్దున మనం చూసిన చోటి నుంచి లెక్కేస్తే..." ఇంగ్విల్ వేలు తెర మీద జరుపుకుంటూ పోయి, పసుప్పచ్చ గీత దాటాక ఆపింది. "ఇటు వెతకాలి కెప్టెన్. గీతకి అవతల."

తోర్‌లైఫ్ విమానాన్ని తూర్పుకి తిప్పాడు.

ఆమె పన్నెండూ ఇరవైకి అతన్ని కనిపెట్టింది. ముందు కనబడింది పడవ అడుగు. ఇంజను లేక అలలకి అడ్డం తిరిగిందేమో, తలకిందులై, నీళ్ళ పైన ఒక మూర మాత్రం తేలుతోంది. దాని మీద బోర్లా పడుకుని, వెన్నుదుంగని రెండు చేతులా వాటేసుకున్న నారింజరంగు మనిషి. నీళ్ళు చొరని సూటు వేసుకున్నాడు. నెత్తిన టోపీ లేదు. జుట్టు నెరిసిపోయి ఉంది. అతని జుట్టు చూడటం ఆమెకి అదే మొదటిసారి.

"దొరికాడు! బతికున్నాడు, తల కదిలిస్తున్నాడు!"

"ఎక్కడ?"

"గీతకి మూడు మైళ్ళు అవతల."

తోర్‌లైఫ్ స్థావరానికి మాట్లాడాడు. హెడ్‌ఫోన్లలో అందరూ వింటున్నారు. స్థావరం ఆగమంది. నాలుగు నిమిషాల తర్వాత చెప్పింది: గీత దాటొద్దు. ఒక మైలు ఇవతలే ఉండాలి. అవతలి రక్షణ కేంద్రానికి తెలియజేశాం. వాళ్ళ నౌక బయల్దేరుతోంది, రెండు గంటలు పడుతుంది. మన హెలికాప్టర్‌కి అనుమతి అడిగాం, జవాబు రాలేదు.

"తోకలో తెప్ప మూట ఉంది కదా కెప్టెన్, నీళ్ళలో పడగానే గాలి నిండేది," అంది ఇంగ్విల్. "వెళ్ళి, పడేసి, తిరిగి రావడానికి మూడు నిమిషాలు. తెప్పలో ఎక్కితే రేపటిదాకా బతుకుతాడు. ఆ సూటులో అయితే మూడు గంటలు. నాలుగు అనుకోండి."

"అడుగుతాను."

అడిగాడు. వద్దన్నారు. మళ్ళీ అడిగాడు. ఈసారి వేరే గొంతు, ఇంకా పెద్ద ర్యాంకు గొంతు, వద్దంది. మూడోసారి అడిగినప్పుడు తోర్‌లైఫ్ 'దయచేసి' అన్నాడు. ఆ మనిషి నోటి నుంచి రేడియోలో ఆ మాట ఇంగ్విల్ ఎన్నడూ వినలేదు. అవతలి ఫైటరు కిటికీ బయటే ఉంది, గీతకి ఆనుకుని. దాని రెక్కల కింద వేలాడుతున్నవి అందరికీ కనబడుతూనే ఉన్నాయి.

"ఏడుగురం ఉన్నాం ఇందులో," అన్నాడు తోర్‌లైఫ్, ఎవరూ అడక్కుండానే. "తెప్ప వెయ్యడానికే వచ్చామని వాడికెట్లా తెలుస్తుంది?"

యోస్టైన్ ఓడలన్నీ వినే పదహారో చానల్లో అవతలి నౌకని పిలిచాడు. ఇంగ్లీషులో పిలిచాడు, తనకొచ్చిన నాలుగు ముక్కల వాళ్ళ భాషలో పిలిచాడు. గరగర తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు ఇంగ్విల్ ఆ మాట అంది. తర్వాతి నాలుగు రోజులూ ఆమె ఏం తింటున్నా, ఏం కడుగుతున్నా ఆ మాటే చెవిలో తిరిగింది.

"కిందికైనా దిగుదాం కెప్టెన్. గీతకి ఇవతలే. మనల్ని చూస్తే గుండె నిబ్బరం చేసుకుంటాడు. ఒక్కణ్ణే ఉన్నానన్న దిగులుండదు."

తోర్‌లైఫ్‌కి అది నచ్చింది. ఏదో ఒకటి చేస్తున్నామన్న ఊరట అందరికీ కావాలి. విమానం వంద మీటర్లకి దిగింది. దీపాలన్నీ వెలిగించారు. గీతకి ఇవతల, మనిషికి నాలుగు మైళ్ళ దూరంలో, దక్షిణం నుంచి ఉత్తరానికి మెల్లిగా పోతూ తోర్‌లైఫ్ రెక్క ఊపాడు. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ.

తెర మీద నారింజరంగు మనిషి తలెత్తాడు. మోకాళ్ళ మీదికి లేచాడు. నడుముకి కట్టుకున్న గొట్టం విప్పి, మూత తిప్పి, లోపలి నుంచి ఏదో తీశాడు. భగ్గున ఎర్రటి మంట లేచింది.

"చూశాడు! మనల్ని చూశాడు!" యోస్టైన్ బల్ల చరిచాడు. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ఇంగ్విల్‌కి కళ్ళనీళ్ళు తిరిగి తెర అలుక్కుపోయింది. మోచేత్తో తుడుచుకుంది.

చేత్తో పట్టుకుని కాల్చే దివిటీ అది. నిమిషం మండుతుంది. మండినంతసేపూ అతను దాన్ని తల మీద అటూ ఇటూ ఊపాడు. పొద్దున టోపీ తిప్పినట్టే. విమానం గీత చివరిదాకా పోయి వెనక్కి తిరిగింది. తిరుగుతున్నప్పుడు దాని తోక అతని వైపుకి వచ్చింది. అతను ఒక్క క్షణం చూసి, ఇంకో దివిటీ ముట్టించాడు.

"ఇంకొకటి," అన్నాడు యోస్టైన్, ఇంకా సంబరంగానే.

దక్షిణపు చివర మళ్ళీ తిరిగారు. మూడోది వెలిగింది.

ఇంగ్విల్ దివిటీలు లెక్కపెట్టింది. తీరంలో ఏ ఇంట పుట్టిన పిల్లకైనా నడక వచ్చాక నేర్పే మొదటి సంగతి దివిటీ గురించే. తండ్రి తనని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ నారింజ గొట్టం చేతికిచ్చి చెప్పాడు: నీ కోసం వచ్చేవాళ్ళు కంటికి కనబడేదాకా ముట్టించకు. కనబడ్డాక ఒక్కటీ దాచుకోకు. గొట్టంలో ఆరు ఉంటాయి. ఎవరి గొట్టంలోనైనా ఆరే.

అతను తనకి నేర్పిన ప్రకారమే, అణువంత తప్పు లేకుండా చేస్తున్నాడు. వచ్చినవాళ్ళు దారి తప్పుతున్నారనుకుంటున్నాడు. అటు తిరిగిన ప్రతిసారీ, తనని చూడలేదేమోనని పిలుస్తున్నాడు.

"తిరగొద్దు కెప్టెన్!"

"ఏమైంది?"

"మనం తిరిగినప్పుడల్లా ఒకటి కాలుస్తున్నాడు. నాలుగోది ముట్టించాడు. ఇంక రెండే ఉన్నాయి. పైకి పోదాం. కనబడకుండా పోదాం. వాళ్ళ నౌక వచ్చినప్పుడు ఏం కాలుస్తాడు?"

తోర్‌లైఫ్‌కి అర్థమైంది. అతను తీరం వాడు కాదు, కొండల్లో గొర్రెల ఊరివాడు. అయినా అర్థమైంది. విమానం ముక్కు లేచింది. నాలుగు ఇంజన్లూ గట్టిగా మోగాయి. ఆ మోత నాలుగు మైళ్ళ అవతలికి వినబడే ఉంటుంది.

తెర మీద అతను లేచి నిలబడ్డాడు. బోర్లాపడ్డ పడవ మీద, జారే చెక్క మీద, రెండు కాళ్ళ మీద నిలబడ్డాడు. వెళ్ళిపోతున్న విమానం వైపు చూస్తూ, మిగిలిన రెండు దివిటీలూ రెండు చేతుల్తో పట్టుకుని ఒకేసారి వెలిగించాడు.

విమానంలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఒంటిగంట దాటాక ఉత్తరం నుంచి పొగమంచు వచ్చింది. కెమెరాకి బూడిదరంగు తప్ప మరేం కనబడలేదు. రాడార్ మీద మాత్రం పడవ అడుగు చుక్కగా ఒకసారి కనబడి, ఒకసారి మాయమవుతూ ఉంది. రెండున్నరకి అవతలి నౌక వచ్చింది. యోస్టైన్ చుక్క ఉన్న చోటు చదివితే అది స్థావరానికి, అక్కణ్ణుంచి ఇవతలి కేంద్రానికి, అక్కణ్ణుంచి అవతలి కేంద్రానికి, అక్కణ్ణుంచి నౌకకి పోవాలి. చేరేసరికి పావుగంట. పావుగంటలో చుక్క అక్కడ ఉండదు. రెండూ యాభైకి నౌక అతనికి అర మైలు దూరంలోకి వచ్చింది. ఆ దూరంలో, ఎంత పొగమంచైనా సరే, ఎర్ర దివిటీ ఒక్కటి మసగ్గానైనా కనబడి తీరేది.

నౌక ఆగింది. కాసేపు ఉంది. తర్వాత దక్షిణానికి తిరిగింది.

"ఇటు కాదు, వెనక్కి, వెనక్కి," అంటున్నాడు యోస్టైన్ తెరతో. మైక్ ఆపేసి ఉంది. మూడూ పదికి చుక్క మాయమైంది. మళ్ళీ కనబడలేదు. మూడున్నరకి ఇంధనం చూసుకుని వెనక్కి వచ్చేశారు.

శుక్రవారం పొద్దున అందర్నీ గదిలో కూర్చోబెట్టి, ఆ దృశ్యాన్ని గోడ మీద వేసి చూశారు. స్క్వాడ్రన్ అధిపతి మంచి మనిషే. రాత్రి తనకీ నిద్ర పట్టలేదని చెప్పాడు. అది నిజమే అయ్యుంటుంది, కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. తర్వాత కాగితం చూసి చదివాడు: సిబ్బంది అత్యంత సంయమనంతో వ్యవహరించారు. హద్దు ఉల్లంఘన జరగలేదు. ఆపదలో ఉన్న వ్యక్తిని గుర్తించడంలో కెమెరా ఆపరేటర్ చూపిన నైపుణ్యం మెచ్చదగినది.

మెచ్చుకోలు చదువుతున్నంతసేపూ ఇంగ్విల్ గోడ మీది దృశ్యాన్నే చూస్తూ కూర్చుంది.

తన నివేదిక ఆమె రాత్రే రాసి ఇచ్చింది. దాని మీద పెన్సిల్‌తో ఒక వాక్యం చుట్టూ సున్నా చుట్టి ఉంది. అధిపతి ఆమెని మాత్రం ఆగమన్నాడు.

"'మేము కనబడటం వల్లే అతను ఆరు దివిటీలూ వృథా చేసుకున్నాడు' అని రాశావు."

"అవును సార్."

"ఇది నువ్వు చూసింది కాదు, అనుకున్నది. ఆరు దివిటీలు కాల్చాడు, అది చూశావు, అది ఉంచు. ఎందుకు కాల్చాడో ఆయన మనసులో దూరి మనం చెప్పలేం కదా."

"నేను చెప్పగలను సార్. మాది తీరం."

"ఇంగ్విల్," అన్నాడు ఆయన, చాలా మెత్తగా. "ఇది చదివేవాళ్ళు ఏం తీర్మానిస్తారో తెలుసా? ఇక మీదట ఆపదలో ఉన్నవాడి దగ్గరికి అసలు వెళ్ళొద్దంటారు. అదా నీకు కావలసింది?"

ఇంగ్విల్ కాగితం తన వైపుకి లాక్కుంది. వాక్యం కొట్టేసి, పక్కన పొడి అక్షరాలతో సంతకం పెట్టింది. బయటికొస్తే నడవాలో యోస్టైన్ వాఫిల్స్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. నిన్నటివే, మూత బిగించి అలాగే ఉన్నాయి. ఏం చెయ్యాలో తెలియనట్టు చూసి, చెత్తబుట్టలో డబ్బాతో సహా పడేశాడు.

ఆ మధ్యాహ్నమే శవం దొరికిందని అవతలి నుంచి కబురొచ్చింది. శనివారం సరిహద్దు చౌకీ దగ్గర అప్పగించారు. అది మాత్రం చాలా మర్యాదగా, చాలా తొందరగా జరిగిపోయింది. బతికున్నవాడి కోసం తెరుచుకోని గేటు, శవపెట్టె కోసం పది నిమిషాల్లో తెరుచుకుందని యోస్టైన్ అన్నాడు.

స్కార్‌నెస్ వైపు రేవుల్లో ఒక ఆచారం ఉంది. సముద్రం ఎవరినైనా తీసుకుంటే, ఆఖరిసారి వాణ్ణి చూసినవాళ్ళు, ఖననం కాకముందే ఆ ఇంటికి వెళ్ళి, వంటింట్లో కూర్చుని, చూసింది చూసినట్టు చెప్పాలి. ఇంటివాళ్ళు పిలవరు. కానీ వాకిలి గడియ పెట్టకుండా ఎదురుచూస్తారు. స్క్వాడ్రన్‌లో ఇది ఎవరికీ తెలియదు. పాస్టరు వెళ్ళి వచ్చాడు, అధిపతి పూలు పంపాడు, అక్కడితో అయిందనుకున్నారు. ఇంగ్విల్ ఆదివారం పొద్దున కారు తీసుకుని రెండు గంటలు నడుపుకుంటూ వెళ్ళింది.

వాకిలి గడియ తీసే ఉంది.

ఆస్లౌగ్ వంటింటి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని పీతల బోను వల అల్లుతోంది. ఓడ్‌వార్ భార్య. పొట్టి మనిషి, మందపాటి మణికట్లు. బోను ఇనప చట్రం మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, చెక్కసూదితో దారం లోపలికి తోసి, వేలికి చుట్టి, లాగి బిగిస్తోంది. తలెత్తి ఇంగ్విల్ యూనిఫాం చూసింది. సూది ఆగలేదు.

"కూర్చో అమ్మాయ్. కాఫీ ఫ్లాస్కులో ఉంది, వంచుకో. నా చేతులు ఖాళీ లేవు."

ఇంగ్విల్ వంచుకుంది. కప్పు పట్టుకుని కూర్చుంది.

"నువ్వేనా చూసింది?"

"నేనేనమ్మా. కెమెరా నాది."

"ఎవరూ రారేమో అనుకున్నా. విమానం వాళ్ళకి ఇవన్నీ ఎక్కడ తెలుస్తాయిలే అనుకున్నా."

"మాది హామర్‌విక్. మా నాన్నా పీతలే పట్టేవాడు."

"అలాగా." ఆస్లౌగ్ ముడి ఒకటి వేసి, పంటితో దారం తెంపింది. "మీరు రోజూ రెక్క ఊపేవాళ్ళటగా. ఇంటికొచ్చి చెప్పేవాడు. 'ఇవాళ నా విమానం వాళ్ళు పలకరించారు' అని. నా విమానం! ఏదో ఈయన కొనిచ్చినట్టు. పొగమంచు రోజుల్లో మీరు కనబడకపోతే అన్నం ముందు కూర్చుని చిన్నబుచ్చుకునేవాడు. నేను ఆటపట్టించేదాన్ని, 'పోయి ఆ విమానాన్నే పెళ్ళాడు' అని."

ఇంగ్విల్ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"చెప్పు మరి," అంది ఆస్లౌగ్.

చెప్పింది. పొద్దున టోపీ తిప్పడం, నోట్లో తాడు ముక్క, అంకెలు తప్పడం, బోర్లాపడ్డ పడవ. గీత గురించి చెప్పింది. తెప్ప మూట గురించి కూడా చెప్పింది. ఆస్లౌగ్ అన్నీ విన్నది. ఎక్కడా ఎవర్నీ తిట్టలేదు. అది ఇంకా భరించలేకపోయింది ఇంగ్విల్.

"కిందికి దిగారటగా. పాస్టరు చెప్పాడు."

"దిగాం."

"మిమ్మల్ని చూశాడా?"

"చూశాడు."

ఆస్లౌగ్ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. "అదొక్కటి చాలు నాకు. రెండు రాత్రులుగా అదొక్కటే అనుకుంటున్నా. ఒక్కడే పోలేదు, తనవాళ్ళెవరో చూస్తుండగా పోయాడు అని." మళ్ళీ సూది అందుకుంది. "ఎట్లా తెలుసు, చూశాడని?"

ఇంగ్విల్ కప్పుని రెండు చేతులా పట్టుకుంది. దారి పొడుగునా, రెండు గంటలూ ఆ ప్రశ్నకి సిద్ధపడుతూనే వచ్చింది. నిజం చెప్పాలనే వచ్చింది. ఆచారం అదే కదా, చూసింది చూసినట్టు చెప్పడం. కానీ ఈవిడ చేతికి మిగిలిన ఆ ఒక్క ఊరటనీ లాక్కోవడానికా ఇంత దూరం కారు నడుపుకుని వచ్చింది?

"చెయ్యి ఊపాడు," అంది.

"చెయ్యి."

"అవునమ్మా. టోపీ తిప్పినట్టే."

ఆస్లౌగ్ సూది పక్కన పెట్టింది. బోనుని మోకాళ్ళ మధ్య నుంచి తీసి గోడకి చేరవేసింది. లేచి, పొయ్యి పక్కనున్న అలమర తెరిచి, ఒక నారింజరంగు గొట్టం తెచ్చి బల్ల మీద, ఇంగ్విల్ ముందు పెట్టింది. మూత గట్టిగా బిగించి ఉంది.

"నిన్న ఆయనతో పాటు ఇచ్చారు. మూత చూడు. ఖాళీ అయ్యాక కూడా బిగించి, మళ్ళీ నడుముకి కట్టుకున్నాడు. అంత జాగ్రత్త మనిషి." మూత తిప్పి గొట్టం బోర్లించింది. ఏమీ పడలేదు. "మార్చిలో కొత్తవి ఆరు నేనే పెట్టాను ఇందులో. నలభై ఏళ్ళు సముద్రం మీద తిరిగాడు. ఒక్కటి కాల్చి ఎరగడు. పాతబడినవి కొత్త సంవత్సరం నాడు పిల్లలు అడిగినా ఇచ్చేవాడు కాదు."

ఇంగ్విల్ తల వంచుకుంది.

"ఒకేసారి కాల్చాడా?"

"లేదమ్మా." ఇంక దాచే ఓపిక ఆమెకి లేదు. "మేము తిరిగినప్పుడల్లా ఒకటి. ఆఖర్న మేము వెళ్ళిపోతుంటే రెండు. వాళ్ళ నౌక అర మైలు దాకా వచ్చింది. అప్పటికి ఏం లేవు."

ఆస్లౌగ్ ఖాళీ గొట్టంలోకి చూస్తూ నిలబడింది. లోపల ఇంకా ఏదైనా మిగిలి ఉందేమోనన్నట్టు వేలు పెట్టి తడిమింది. తర్వాత మూత మళ్ళీ బిగించింది, ఆయన బిగించినంత గట్టిగా.

"కిందికి దిగుదామన్నది ఎవరు?"

"నేనే."

తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఆస్లౌగ్ ఆమె ఎదురుగా కూర్చుని, చల్లారిపోయిన కప్పు ఆమె చేతుల్లోంచి తీసి పక్కన పెట్టింది.

"మంచికే అన్నావు. అది నాకు తెలుసు." ఆవిడ గొంతు పెరగలేదు. "కానీ ఒక మాట గుర్తుపెట్టుకో అమ్మాయ్. రాలేనప్పుడు కనబడకండి. అంతే. మీరు లేరనుకుంటే ఆ నౌక కోసం చూసుకునేవాడు. గుప్పెడు గుండెతో, ఆరు దివిటీలతో. మిమ్మల్ని చూశాకే కదా, ఇంక వచ్చేశారనుకున్నాడు."

వాకిలిదాకా వచ్చి సాగనంపింది. ఇంగ్విల్ మెట్లు దిగాక, వెనకాల తలుపు గడియ పడిన చప్పుడు వినబడింది. చెప్పాల్సినవాళ్ళు వచ్చి చెప్పారు. ఇక ఎదురుచూడ్డానికి ఎవరూ లేరు.

సోమవారం తొమ్మిదిన్నరకి విమానం మళ్ళీ స్కార్‌నెస్ మీదుగా పోయింది. రేవు బయట ఇంకో పడవ బోనులు దించుతోంది. నీలం పడవ, ఇద్దరు మనుషులు. ఇంజన్ల మోత విని వాళ్ళలో ఒకడు తలెత్తి, చెయ్యి పైకి లేపాడు.

తోర్‌లైఫ్ రెక్క ఊపలేదు. హెడ్‌ఫోన్‌లో అతని గొంతు వచ్చింది, ఎన్నడూ అడగనివాడు అడుగుతున్నాడు.

"ఊపనా?"

యోస్టైన్ ఇంగ్విల్ వైపు చూశాడు. తెర మీద పడవవాడి మొహం దగ్గరగా, స్పష్టంగా ఉంది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంచి, రెక్క ఎప్పుడు వంగుతుందా అని నవ్వుతూ చూస్తున్నాడు.

"వద్దు కెప్టెన్," అంది. "పైకి పోదాం. మబ్బు పైకి."

విమానం సమంగానే పైకి లేచింది. అతను కాసేపు అలాగే చెయ్యెత్తి నిలబడ్డాడు. తర్వాత చెయ్యి దించి, ప్యాంటుకి తుడుచుకుని, తాడు అందుకున్నాడు. తెర మీద తెల్లటి మబ్బు అడ్డం పడేదాకా చూసి, ఇంగ్విల్ కెమెరాని గీత వైపుకి తిప్పింది.